చరిత్ర పాఠానికి వెబ్‌క్వెస్ట్: వికీపీడియా పేరా ఎత్తి చార్టు మీద దించకుండా పని ఎలా ఇవ్వాలి?

పటమట_సోషల్:

విజయవాడలో హైస్కూలు, తొమ్మిదో తరగతి, 44 మంది. ల్యాబ్‌లో పనిచేసే సిస్టమ్స్ ఎనిమిది, తొమ్మిదోది బతికీ బతకనట్టుంది. నెట్ ఉంది కానీ ఎనిమిదింట్లో ఒకేసారి పేజీ తెరిస్తే గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. పీరియడ్ 45 నిమిషాలు. పిల్లల్ని ల్యాబ్‌కి నడిపించి కూర్చోబెట్టేసరికి అందులో ఏడెనిమిది గల్లంతు.

జాతీయోద్యమం పాఠానికి ఇచ్చిన పని ఇది: “చీరాల-పేరాల, పెదనందిపాడు, పల్నాడు పుల్లరి ఉద్యమాల గురించి ఇంటర్నెట్‌లో సమాచారం సేకరించి చార్టు తయారుచేయండి.” పదకొండు గ్రూపులు, పదకొండు చార్టులు, అన్నిటి మీదా ఒకటే పేరా. రెండు చార్టుల్లో అయితే వికీపీడియాలో హెడ్డింగు పక్కన ఉండే ‘మార్చు’ అన్న మాటని కూడా స్కెచ్ పెన్నుతో అందంగా దించేశారు.

పని ఎలా రాస్తే ఎత్తి రాయడం కుదరదు? ఎనిమిది సిస్టమ్స్‌తో 44 మందిని ఎలా తిప్పాలి? మార్కులు దేనికి వేయాలి? మన చుట్టుపక్కల విషయమైతే మేలు. వివరంగా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. ‘విద్యార్థి కేంద్రిత బోధన’ మీద ఉపన్యాసాలు మాత్రం వద్దు, ట్రైనింగుల్లో కడుపునిండా విన్నాం.


చాక్‌పీసు_పొడి (గుంటూరు):

పటమట గారూ, పిల్లలు మీరు చెప్పింది చెప్పినట్టే చేశారు. సేకరించమన్నారు, సేకరించారు. జవాబు ఒకే పేజీలో వండి వడ్డించి ఉన్నప్పుడు ఎత్తి రాయడమే తెలివైన పని. పెద్దవాళ్ళమైనా అదే చేస్తాం.

వెబ్‌క్వెస్ట్‌ని 1995లో శాన్‌డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ మొదలుపెట్టాడు, టామ్ మార్చ్ తోడయ్యాడు. అందులో కిటుకు ఒక్కటే: వెతకడం టీచరు వంతు, దొరికినదాంతో కుస్తీ పట్టడం పిల్లల వంతు. లింకులు మనమే ముందు ఏరి ఇవ్వాలి. పరిచయం, పని, చేసే క్రమం, వనరులు, మదింపు, ముగింపు అని భాగాలు చెబుతారు గానీ బరువంతా మోసేది ‘పని’. అది కుదరకపోతే మిగతావి ఎన్ని రంగుల్లో పెట్టినా చివరికి చార్టే వస్తుంది.

అందుకని విషయం ఇవ్వకండి, వాక్యం ఇవ్వండి. అందరూ నమ్మే వాక్యం ఒకటి తీసుకుని దాన్ని ఆధారాలతో మరమ్మతు చేయమనండి. మీ ఊరికి సరిపోయేది ఇదిగో:

“మన జాతీయ జెండాను పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో రూపొందించి గాంధీజీకి అందజేశారు.”

పని ఇలా రాయండి: “ఈ వాక్యంలో ఏ ముక్కకి ఆధారం ఉంది? ఏ ముక్కని మార్చాలి? మ్యూజియంలో జెండా పక్కన పెట్టే పలక కోసం దీన్ని 60 మాటలు దాటకుండా తిరగరాయండి. ప్రతి వాక్యం చివర ఆధారం నంబరు వేయండి.” 60 మాటల హద్దు సడలించకండి. 200 మాటలంటే మళ్ళీ పేరా ఎత్తిపెడతారు. 60లో ఏది వదలాలో తేల్చుకోవాలి, వదలాలంటే చదవాలి.

ఆధారాలు ఐదు చాలు.

ఒకటోది, పై వాక్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పే ఇప్పటి తెలుగు వెబ్‌పేజీ ఏదైనా.

రెండోది అసలు సిసలైనది. గాంధీజీ 1921 ఏప్రిల్ 13న తన పత్రిక యంగ్ ఇండియాలో జాతీయ జెండా మీద రాసిన వ్యాసం. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశం మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో జరిగింది కాబట్టి ఇది రెండు వారాల లోపు రాసిన మాట. వెంకయ్య గారు నాలుగేళ్ళుగా ప్రతి కాంగ్రెస్ సభకీ జెండా సంగతి పట్టుకుని వస్తున్నారని, ఆ పట్టుదల మెచ్చుకోదగ్గదే అయినా ఆయన నమూనాలు తనని కదిలించలేదని అందులో ఉంటుంది. రాట్నం పెడదామన్న సూచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇమ్మని అడిగితే వెంకయ్య గారు మూడు గంటల్లో తయారుచేసి ఇచ్చారు. అయినా సమావేశం ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. అదీ మంచికే అయిందని, మిగతా మతాల కోసం తెలుపు కూడా ఉండాలని తర్వాత తోచిందని రాశారు. గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో సంపూర్ణ రచనల పాత ముద్రణ 19వ సంపుటిలో దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ కూర్పులో సంపుటి నంబర్లు వేరు, కాబట్టి నంబరుతో కాక తేదీతో వెతకండి.

మూడోది, 1931 ఆగస్టులో బొంబాయిలో ఏఐసీసీ చేసిన తీర్మానం: కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం. నాలుగోది, 1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పెట్టిన తీర్మానం. సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం, ముదురు నీలం రంగు, వెడల్పు పొడవుల నిష్పత్తి 2:3 అన్నీ అందులో ఉంటాయి. రాజ్యాంగ సభ చర్చలు పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ఐదోది, వికీమీడియా కామన్స్ నుంచి 1921, 1931 జెండాల బొమ్మలు రెండూ పక్కపక్కన. 1921 దాంట్లో తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యలో, ఎరుపు కింద ఉంటుంది. ఈ బొమ్మ చూపించి రెండు నిమిషాలు నోరు మెదపకండి. “సార్, తెలుపు పైనుందేంటి?” అని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడి నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది.

ఇక పీరియడ్లు, మొత్తం నాలుగు. మొదటిది తరగతి గదిలోనే, సిస్టమ్స్ ముట్టుకోకుండా. వాక్యాన్ని బోర్డు మీద రాసి ముక్కలు చేయించండి: ‘మన జాతీయ జెండా’ (ఏది? ఇప్పటిదా, అప్పటిదా?), ‘రూపొందించి’, ‘1921’, ‘బెజవాడ’, ‘అందజేశారు’. ప్రతి ముక్కకీ నంబరు. ఇది చేయకుండా ల్యాబ్‌కి తీసుకెళ్తే స్క్రీన్ మీద ఏం చూడాలో వాళ్ళకి తెలియదు.

రెండు, మూడు పీరియడ్లు ల్యాబ్‌లో. 44 మందిని 22, 22 చేయండి. ఒక సగం సిస్టమ్స్ దగ్గర: ఆరింటికి ముగ్గురు చొప్పున, రెండింటికి ఇద్దరు చొప్పున. రెండో సగం అదే గదిలో కింద చాప మీద, రెండు, మూడు, నాలుగో ఆధారాల జిరాక్స్ కాపీలతో. మర్నాడు తారుమారు. సిస్టమ్ దగ్గర ముగ్గురిలో ఒకరిది మౌస్, ఒకరిది పెన్ను, మూడోవాళ్ళు పైకి చదవాలి. పది నిమిషాలకోసారి మార్చకపోతే పీరియడంతా మౌస్ ఒకడి చేతిలోనే ఉంటుంది, అది ఎవడో మీకూ తెలుసు.

నాలుగోది రాత, అప్పగింత.

రాసుకునే కాగితానికి ఐదు గడులు: ఆధారం నంబరు; ఎవరు రాశారు; ఎప్పుడు రాశారు; మన మాటల్లో ఏం చెబుతోంది; వాక్యంలో ఏ ముక్కని నిలబెడుతోంది లేదా పడగొడుతోంది. మూడో గడి దగ్గర ముప్పాతిక మంది బోల్తా పడతారు. పేజీ కింద కనిపించే ‘చివరిగా మార్చిన తేదీ’ వేసేస్తారు. ఇంకో బోల్తా ఐదో ఆధారం దగ్గర: కామన్స్‌లోని 1921 జెండా అప్పటి ఫోటో కాదు, ఈమధ్య కంప్యూటర్లో గీసిన బొమ్మ. ‘ఎవరు గీశారు, ఎప్పుడు’ అన్నది బొమ్మ కిందే ఉంటుంది, అక్కడిదాకా జరిపి చూపించాలి.

ఒక హెచ్చరిక. గాంధీజీ వ్యాసం చదవగానే కొందరు పిల్లలు “అయితే వెంకయ్య గారు ఏమీ చేయలేదా?” అని ఆ చివరికి వెళ్ళిపోతారు. 1916లోనే మచిలీపట్నంలో జెండాల మీద పుస్తకం అచ్చువేయించిన మనిషి ఆయన. ఏమీ చేయలేదన్నదానికి కూడా ఆధారం చూపించమనండి, దారికొస్తారు.


ల్యాబ్_తాళంచెవి:

పై పోస్టులో పాఠం సంగతి బాగుంది. ఎనిమిది సిస్టమ్స్ సంగతి నేను చెబుతా.

లైవ్ నెట్ మీద ఆధారపడొద్దు. ఐదు పేజీలే కదా, ముందురోజు దించుకోండి. క్రోమ్‌లో ‘సేవ్ యాజ్’ నొక్కి ‘సింగిల్ ఫైల్’ ఎంచుకుంటే బొమ్మలతో సహా ఒకే ఫైలుగా వస్తుంది. కుదరకపోతే ప్రింట్‌లోకి వెళ్ళి పీడీఎఫ్‌గా దించండి. ఫైళ్ళకి 01, 02, 03 అని ఆధారం నంబరే పేరుగా పెట్టి పెన్‌డ్రైవ్‌తో ఎనిమిదింట్లోనూ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరులో వేయండి. వెబ్ చిరునామా ఫైల్లో కనబడాలి, లేకపోతే ‘ఎవరు రాశారు’ గడి నింపలేరు. పీడీఎఫ్ చేసేటప్పుడు హెడర్, ఫుటర్ టిక్ ఉంచితే చిరునామా, దించిన తేదీ పేజీ అంచున అచ్చవుతాయి. ఆ దించిన తేదీని కూడా పిల్లలు ‘ఎప్పుడు రాశారు’లో వేసేస్తారు. దాన్ని ముందే పెన్సిలుతో కొట్టేయించండి.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత పుస్తకాలు స్కాన్లు, ఒక్కోటి వంద ఎంబీ దాటుతుంది. పుస్తకం మొత్తం దించకండి. కావలసిన పేజీ తెరిచి ఆ ఒక్క పేజీ బొమ్మే సేవ్ చేయండి. టైటిల్ పేజీ బొమ్మ కూడా కలపాలి, సంవత్సరం దానిమీదే ఉంటుంది.

బతికీ బతకని ఆ తొమ్మిదో సిస్టమ్ గురించి. ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోందా? కుడివైపు కింద తేదీ చూడండి. పదేళ్ళ వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద నాణెం సైజు బ్యాటరీ అయిపోయినట్టే. సీఆర్2032 అని అడగండి, వాచీల షాపులో కూడా ఇస్తారు. తేదీ తప్పుంటే సైటు సర్టిఫికెట్ గడువుతో లెక్క కుదరక బ్రౌజర్ అడ్డుకుంటుంది. నెట్ పాడైందని అందరూ రౌటర్ని తిడతారు, దోషం బ్యాటరీది. విండోస్ 7 మీదే నడుస్తున్నవైతే క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. కొత్త సైట్లు కొన్ని సరిగా రావు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ వేస్తే చాలావరకు గట్టెక్కుతారు.

తెలుగు దగ్గర ఇంకో చిక్కు. డీటీపీలో అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో మాటలు కంటికి బాగానే కనిపిస్తాయి. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి, వెతికితే ఏమీ దొరకదు. అది యూనికోడ్ కాదు. పాత ప్రభుత్వ పుస్తకాలు, సావనీర్లు చాలామటుకు ఇలాంటివే. పిల్లల మాటల్లో రాయించాలనుకునే మీకు ఇది నిజానికి వరం, కాపీ కొట్టడానికి లొంగదు.

ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గదిలో పెట్టే పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే దాన్ని పిల్లలకివ్వకుండా మీ దగ్గరే పెట్టుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ దానికొక్కదానికే ఇస్తే చాలు, పెద్ద బొమ్మలు అందరికీ అక్కడే చూపించొచ్చు.


ధరణికోట_రాయి:

జెండా విషయం మంచిదే గానీ మొదటిసారి వెబ్‌క్వెస్ట్ చేయించేవాళ్ళకి కొంచెం వేడి ఎక్కువ. స్టాఫ్‌రూములోనే వాదన లేస్తుంది. ఆవేశం తక్కువ, ఆధారాలు ఎక్కువ ఉన్నది కావాలంటే అమరావతి స్తూపం తీసుకోండి.

వాక్యం: “అమరావతి శిల్పాలను బ్రిటిష్‌వాళ్ళు లండన్‌కి తరలించారు.” మరమ్మతు చేయవలసింది ‘బ్రిటిష్‌వాళ్ళు’ అన్న ఒక్క మాట, ‘తరలించారు’ అన్న ఒక్క మాట. ఎవరు, ఏ ఏడు, ఎక్కడి నుంచి ఎక్కడికి? రాయి చేతులు మారిన వరస వేయించండి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి వచ్చి ఊరు కట్టిస్తున్నప్పుడు స్తూపం దిబ్బలోంచి రాళ్ళు బయటపడ్డాయి, కట్టడాలకీ పోయాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. 1859లో వాటిలో చాలా భాగం లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళాయి. ఇక్కడ 1877లో సెవెల్, 1881-82లో బర్జెస్ మళ్ళీ తవ్వారు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నవి వేరే. ‘అన్నీ లండన్‌లోనే’ అన్న నమ్మకం అక్కడే పడిపోతుంది.

బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో ఒక్కో రాయికీ ఒక్కో పేజీ. నంబర్లు 1880,0709 తో మొదలవుతాయి. మీ పిల్లలు కచ్చితంగా చేసే తప్పు: ఆ 1880ని చూసి ‘1880లో తవ్వారు’ అని రాస్తారు. అది మ్యూజియం పద్దులోకి ఎక్కిన ఏడు. తవ్విందీ, ఓడ ఎక్కిందీ, పద్దుకెక్కిందీ మూడూ వేర్వేరు. కాగితం మీద ‘ఎప్పుడు’ గడిని ఈ విషయానికి మాత్రం మూడు గడులుగా చీల్చండి.

రెండోది, మెకంజీలు ఇద్దరు. కాలిన్ మెకంజీ 1797 నాటి సర్వేయరు. గోర్డన్ మెకంజీ 1883లో కిస్ట్నా జిల్లా మాన్యువల్ రాసిన అధికారి. ఇద్దరినీ ఒక్కణ్ణి చేసి ఎనభై ఆరేళ్ళు ఉద్యోగం చేయించే జవాబు పత్రాలు వస్తాయి.

మూడోది, వెతికే మాట. మీరు లింకులు ఏరేటప్పుడే ‘అమరావతి’ అని కొడితే పైన రాజధాని వార్తలు, కింద మహారాష్ట్ర అమరావతి. ‘అమరావతి స్తూపం’ లేదా ‘ఇలియట్ మార్బుల్స్’ అని ఇంగ్లీషులో కొట్టండి.

మెకంజీ గీయించిన బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీవి. 2023 అక్టోబరులో అక్కడ సైబర్ దాడి జరిగాక పాత లింకులు చాలా పోయాయి. ఎవరిదైనా పాత పాఠ్యప్రణాళికలోని లింకు పనిచేయకపోతే దాన్ని వేబ్యాక్ మెషిన్‌లో (పాత వెబ్‌పేజీల నకళ్ళు దాచే సైటు) పెట్టి చూడండి. చిన్న బొమ్మలైనా దొరుకుతాయి.

గుంటూరు వైపు బడులైతే ఆఖరి పీరియడ్ బదులు అమరావతి వెళ్ళొచ్చు. మ్యూజియం శుక్రవారం సెలవేమో, పనివేళలేమిటో ముందు ఫోన్ చేసి కనుక్కుని బస్సు మాట్లాడండి.


పటమట_సోషల్:

చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ ధన్యవాదాలు. మిగిలిన సందేహాలు మూడు. ఆధారాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మా పిల్లల్లో సగం మందికి ఆ ఇంగ్లీషు కొరుకుడు పడదు. గూగుల్ ట్రాన్స్‌లేట్ వాడనివ్వచ్చా? ఇళ్ళలో ఫోన్లో చాట్‌బాట్‌ని అడిగి 60 మాటలు రాయించుకొస్తే ఏం చేయాలి? మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి, నా చీరాల-పేరాల విషయం మొత్తం పారేయాల్సిందేనా?


చాక్‌పీసు_పొడి (గుంటూరు):

అనువాదం మీరే చేయండి. వ్యాసం మొత్తం కాదు, పని జరిగే ఎనిమిది, పది వాక్యాలు. కాగితానికి ఎడమవైపు ఇంగ్లీషు మూలం, కుడివైపు మీ తెలుగు, వాక్యానికి ఎదురుగా వాక్యం. మన పాఠ్యపుస్తకాలే రెండు భాషల్లో ఎదురెదురుగా ఉంటున్నాయి కాబట్టి పిల్లలకి ఆ అమరిక అలవాటే. బాగా చదివేవాళ్ళు ఎడమవైపుకి వెళ్ళి మీ అనువాదాన్నే తప్పుపడతారు. పట్టనివ్వండి.

అనువదించేటప్పుడు రెండుచోట్ల జాగ్రత్త. 1921 వ్యాసంలో ఉన్నది ‘ఎరుపు’. ఇప్పటి జెండా కళ్ళముందు ఉండటంవల్ల చేయి దానంతటదే ‘కాషాయం’ అని రాస్తుంది. అలా రాస్తే పాఠంలోని అసలు తేడా మీ చేత్తోనే చెరిపేసినట్టు. 1947 తీర్మానంలో చక్రం, చరఖా రెండూ వస్తాయి, చరఖాకి గుర్తుగా చక్రం అని. ‘రాట్నం’, ‘చక్రం’ అని విడివిడిగా రాయకపోతే పిల్లలు రెంటినీ ఒకటి చేస్తారు. మెషిన్ అనువాదం నాకు భయం కలిగించేది ఇలాంటి మాటల దగ్గరే.

చాట్‌బాట్‌ని నిషేధించలేరు, ఆరో ఆధారంగా బల్ల మీదకి లాగండి. అదే ప్రశ్న మీరే దాన్ని అడిగి జవాబు అచ్చువేయించండి. ప్రతి వాక్యం కింద గీత గీయించి ‘దీన్ని ఏ నంబరు ఆధారం ఒప్పుకుంటోంది?’ అని అడగండి. ఏ నంబరూ ఒప్పుకోని వాక్యం పక్కన సున్నా. లేని పుస్తకం పేరు, ఎవరూ అనని మాట అందులో కనిపిస్తే పిల్లలకి పండగే. 1947 జెండాలో చక్రం పెట్టిన నమూనా సురయ్యా త్యాబ్జీ అనే ఆవిడదని చెప్పే పేజీలూ ఉన్నాయి, చెప్పనివీ ఉన్నాయి. ఇస్తున్న ఐదు ఆధారాలతో అది తేలదు, ‘మా దగ్గరున్న కాగితాలతో తేలదు’ అని రాసినవాళ్ళకి మార్కు వేయండి.

మార్కులు 20కి నేను వేసే లెక్క: ప్రతి వాక్యానికీ సరైన ఆధారం నంబరు ఉంటే 6. ఆధారాలు ఒకదానితో ఒకటి విభేదించినచోట ఆ విభేదాన్ని చూపిస్తే 6. తేలనిది తేలలేదని చెబితే 3. భాష, 60 మాటల హద్దు కలిపి 3. మౌఖికం 2. మౌఖికం అంటే గ్రూపులో ఎవరో ఒకరిని లేపి, వాళ్ళు రాసిన ఒక వాక్యం చదివి ‘ఇది ఏ కాగితంలో ఉంది, చూపించు’ అనడమే. ఇంట్లో రాయించుకొచ్చింది అక్కడ దొరికిపోతుంది. అందంగా రాసినందుకు, స్కెచ్ పెన్నులకి సున్నా. ఈ మాట మొదటి పీరియడ్‌లోనే చెప్పాలి, లేకపోతే నాలుగో రోజు మళ్ళీ మెరుపు కాగితాలు అతికిస్తారు.

ఇలాంటి రెండు వాక్యాలు బోర్డు మీద పెట్టి తేడా చూపించండి.

“పింగళి వెంకయ్య గొప్ప దేశభక్తుడు, మన జెండాను రూపొందించారు – 1.”

“1921లో బెజవాడలో గాంధీజీ అడగ్గా వెంకయ్య రాట్నం ఉన్న జెండాను మూడు గంటల్లో తయారుచేశారు – 2. ఇప్పటి జెండాలోని చక్రం 1947లో వచ్చింది – 4.”

మొదటిదానికి 20కి రెండో మూడో. పిల్లలు కాసేపు అలుగుతారు.


లైబ్రరీ_మెట్లు:

ఒక అభ్యంతరం. టీచరే అన్ని లింకులూ ఏరి పెడితే వెతకడం పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారు? 1995లో ఆ పద్ధతి సరిపోయింది. ఇప్పుడు తరగతి గది బయట వాళ్ళు చేసేదంతా వెతకడమే. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్రకారుల్ని, విద్యార్థుల్ని, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్ళని పోల్చి చూస్తే, మొదటి రెండు రకాలవాళ్ళూ పేజీలోనే కూర్చుని దాని అందం చూసి మోసపోయారు. నిజనిర్ధారణవాళ్ళు వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి ‘ఈ సైటు ఎవరిది?’ అని బయట వెతికారు.

అందుకని మూడో పీరియడ్‌లో చివరి పది నిమిషాలు ఇలా పేజీ బయటికెళ్ళి వెతకడానికి (దీన్నే అడ్డంగా చదవడం, ల్యాటరల్ రీడింగ్ అంటారు) ఇవ్వండి. ప్యానెల్ మీద కొత్త పేజీ ఒకటి తెరిచి, చదవనివ్వకుండా, ఎవరిదో మూడు నిమిషాల్లో కనుక్కోమనండి. దీనికి బెజవాడలోనే సరుకు ఉంది. బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్న పాత విక్టోరియా జూబిలీ భవనంలోనే వెంకయ్య గారు జెండా ఇచ్చారని చాలా పేజీలు చెబుతాయి. గాంధీజీ వ్యాసంలో ‘బెజవాడలో’ అనే ఉంది, భవనం పేరు లేదు. ఆ పేజీలు ఒకదాన్నించి ఒకటి ఎత్తుకున్నవా, ఏదైనా పాత కాగితాన్ని చూపిస్తున్నాయా? మూడు పేజీలు పక్కపక్కన పెట్టి ఒకే వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఎన్నింట్లో ఉందో వెతకమనండి. పది పేజీలు చెప్పినా సాక్షి ఒక్కడే కావచ్చన్నది అప్పుడు వాళ్ళకే కనిపిస్తుంది. పుట్టిన సంవత్సరం కూడా ఇలాగే, 1876 అనే పేజీలూ ఉన్నాయి, 1878 అనేవీ ఉన్నాయి.

పాత పత్రికలు వాడదలిస్తే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు ఉన్నాయి. అవి బొమ్మలు కాబట్టి మాటతో వెతకడం కుదరదు, తేదీతో వెళ్ళాలి. సంఘటన జరిగిన రోజు సంచిక కాకుండా మర్నాడు, ఎల్లుండి చూడండి. వారపత్రికైతే ఆ పై వారం. గ్రాంథికం కాబట్టి పిల్లలకి పది గీతలు దాటి ఇవ్వొద్దు.

ఇంగ్లీషు మూలాల్లో ఊరి పేర్లు అప్పటి రూపంలో వెతకాలి: బెజ్‌వాడా, కిస్ట్నా, మసూలిపటం. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కిస్ట్నా జిల్లాలోనే ఉంది, అప్పటి గుంటూరు సంగతులు గుంటూరు పేరుతో వెతికితే సగమే దొరుకుతాయి.

పటమట గారూ, చీరాల-పేరాల పారేయక్కర్లేదు. మీరు ఇచ్చిన మూడు ఉద్యమాలకీ కలిపి ఒకే వాక్యం ఇవ్వండి: “గాంధీజీ పిలుపుతో మొదలై, గాంధీజీ ఆపమనగానే ఆగిపోయాయి.” చీరాలలో మున్సిపాలిటీ గొడవ సహాయ నిరాకరణ కంటే ముందే మొదలైంది. జనం ఊరు ఖాళీ చేసి రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నది 1921లో. పెదనందిపాడు వైపు పన్ను కట్టకుండా ఊళ్ళోనే కూర్చున్నారు. చౌరీచౌరాలో పోలీస్ స్టేషను తగలబెట్టింది 1922 ఫిబ్రవరి 4, ఉద్యమం ఆపేస్తున్నామని బార్డోలీలో కాంగ్రెస్ తీర్మానం ఫిబ్రవరి 12. పల్నాడులో పుల్లరి (అడవిలో పశువుల మేతకి వేసిన పన్ను) ఉద్యమం నడిపిన కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోయింది అదే నెలలో, ఆ తీర్మానం తర్వాత. ఈ తేదీల్ని చీటీల మీద రాసి, కలిపేసి, వరసలో పేర్చమనండి. ఎక్కడ వాక్యం విరుగుతుందో పిల్లల వేలు అక్కడే ఆగుతుంది.


పటమట_సోషల్:

చీటీల పని మొదటి పీరియడ్‌కే పెట్టుకుంటా, సిస్టమ్స్ అక్కర్లేదు కాబట్టి కరెంటు పోయినా నడుస్తుంది. అనువాదం ఈ ఆదివారం కూర్చుంటా. తాళంచెవి గారూ, తొమ్మిదో సిస్టమ్ తేదీ చూశాను, 2009 జనవరి 1 చూపిస్తోంది. బ్యాటరీ ఒకటి రాసుకున్నా.


ల్యాబ్_తాళంచెవి:

రెండు రాసుకోండి. మిగతా ఎనిమిదీ కూడా ఒకే ఏడు కొన్నవే అయ్యుంటాయి.